తేలడం తేలికే, తొడుగే కష్టం

చేపలు పట్టే కాలంలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో చెరువు కట్ట ఎక్కితే తరచుగా కనిపించేది థర్మాకోల్ తెప్ప. మూడు నాలుగు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చుతారు. వాటి చుట్టూ యూరియా సంచులో, టార్పాలినో, ఎన్నికలయ్యాక దిక్కులేకుండా పడున్న ఫ్లెక్సీనో చుడతారు. నైలాన్ తాడుతోనో పాత వల ముక్కతోనో బిగిస్తారు. దాని మీద కాళ్లు మడుచుకొని కూర్చుని, రెండు చేతుల్లో రెండు చెక్క పలకలతో నీళ్లు తోసుకుంటూ మనిషి చెరువు నడిమికి పోతాడు. బరువు పది కిలోలకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మోపెడ్ వెనక కట్టుకొని ఇంటికి తెచ్చుకోవచ్చు. దీన్ని ఏ కంపెనీ అమ్మదు, ఏ ఇంజినీరూ బొమ్మ గీసివ్వలేదు.

ఇదే థర్మాకోల్ దిమ్మెతో కాలిఫోర్నియాలోనో ఆస్ట్రేలియాలోనో ఒకాయన ఇంటి వెనక షెడ్డులో సర్ఫ్‌బోర్డు చేసుకుంటాడు. ఈ మధ్య వింగ్ ఫాయిల్ బోర్డులు కూడా చేసుకుంటున్నారు. వింగ్ ఫాయిల్ అంటే చేతుల్లో గాలి నింపిన తేలికపాటి రెక్క, కాళ్ల కింద పొట్టి బల్ల, బల్ల అడుగున సుమారు 80 సెంటీమీటర్ల నిలువు కడ్డీ, దాని చివర విమానం రెక్కల్లాంటి లోహపు లేదా కార్బన్ రెక్కలు. వేగం అందుకోగానే నీటిలోని రెక్కలు బల్లను పైకి లేపుతాయి. బల్ల గాలిలో, రెక్క నీటిలో. 2019 ప్రాంతంలో కంపెనీలు చేతి రెక్కలను అమ్మకానికి పెట్టాక ఈ ఆట ప్రపంచమంతా పాకింది.

ఒకటి పొట్టకూటి పని, ఇంకొకటి సరదా ఆట. ఐతే రెండూ మొదలయ్యే సరుకు ఒక్కటే. తెప్ప రెండు మూడు సీజన్లకే నీళ్లు తాగి బరువెక్కి ముక్కలవుతుంది. బోర్డు అంతకంటే చాలా ఏళ్లు నిలుస్తుంది. ఆ తేడాకు కారణాలు వెదకడమే ఈ సమీక్ష పని. ఇంట్లో బోర్డులు చేసుకునేవాళ్లు దాదాపు వందేళ్లుగా కూడబెట్టిన తెలివిలో మన చెరువులకు పనికొచ్చేది చాలానే ఉంది, పనికిరానిదీ ఉంది.

తేలిక కర్రల కాలం

తేలే బల్లకు మొదటి సరుకు కర్ర. హవాయి దీవుల్లో రాజవంశీకులు ఎక్కిన పొడవాటి ఓలో బల్లలను విలివిలి అనే చెట్టుతో చేసేవారు. అది మన బాడిద చెట్టుకు దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి. మన తీరంలో ఇలాంటి పేరు తెల్ల పొణికిది. కొండపల్లి బొమ్మలు చెక్కే ఈ మెత్తటి కర్రను చెన్నపట్నం తీరంలో తెప్పలకు కోరి వాడేవారని పాత వృక్షశాస్త్ర గ్రంథాలు రాశాయి. ఉత్తరాంధ్రలో జాలరులు, వాడబలిజలు దుంగలను తాళ్లతో కట్టి, అలల మీద నిలబడి ఒడ్డుకు వచ్చేవారు. ఒడ్డుకు చేరగానే తాళ్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. తడిసిన కర్ర ఎండకపోతే మరునాటికి బరువెక్కుతుందని వాళ్లకు తెలుసు. చెరువులో తెప్ప వేసేవాళ్లు ఈ ఒక్క అలవాటైనా అందిపుచ్చుకోవాలి.

మద్రాసు రాజధానిలో మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల మీద ఒక గ్రంథం రాశాడు. మేకు అన్నది లేకుండా కొబ్బరి పీచుతో పలకలను కుట్టే మాసులా పడవల గురించి అందులో ఉంది. గట్టిగా బిగించిన పడవ అల కొట్టుడుకు పగులుతుంది, కుట్టిన పడవ ఒంగి తప్పించుకుంటుంది. తొడుగు ఎంత గట్టిగా ఉండాలి, ఎంత ఒంగాలి అన్న ప్రశ్న సర్ఫ్‌బోర్డు వాళ్లకు తర్వాతి రోజుల్లో మళ్లీ ఎదురైంది.

దిమ్మ కర్రతో బోర్డు చేస్తే ముప్పై నలభై కిలోలు తూగేది. అమెరికన్ ఈతగాడు టామ్ బ్లేక్ లోపల బోలుగా ఉండే బోర్డు కనిపెట్టి 1932లో పేటెంటు పొందాడు. లోపల పడవలా అడ్డపట్టీలు, పైన పలుచటి పలక. 1930ల చివర్లో దాని నమూనాలను అమెరికన్ పత్రికలు అచ్చువేశాయి. వడ్రంగం కొద్దిగా తెలిసినవాళ్లు చాలామంది ఇంట్లో కట్టుకున్నారు. ఇంటి తయారీకి అదే నాంది. లోపం కూడా అప్పుడే బయటపడింది. ఒక్క అతుకు జారితే లోపలంతా నీళ్లే.

ఇక్కడ ఒక పిడకలవేట. మన ప్రాంతంలో బరువు తగ్గించే ఆలోచన నీటికోసం కాక గుడికోసం వచ్చింది. భూపాలపల్లికి పక్కనే, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలతాయి. మట్టిలో కాలిపోయే సరుకేదో కలిపి బట్టీలో పెడితే అది బూడిదై పోయి, దాని చోట గాలి మిగులుతుంది. థర్మాకోల్ కూడా అంతే. నూటికి 98 పాళ్లు గాలి, 2 పాళ్లు పాలిస్టైరీన్. కాకతీయ శిల్పులు ఆ తేలిక ఇటుకను వానకు వదిలేయలేదు, పైన సున్నపు గార పూశారు.

ఫోమ్ వచ్చాక

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక విమానాల కోసం తయారైన గాజునూలు గుడ్డ, రెసిన్ మార్కెట్లోకి వచ్చాయి. 1940ల చివర్లో బాబ్ సిమన్స్ లాంటివాళ్లు తేలిక కర్ర మీద గాజుగుడ్డ తొడిగారు. 1958లో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ కలిసి పాలియురెథేన్ ఫోమ్‌తో బోర్డులు చేయడం మొదలుపెట్టారు. క్లార్క్ 1961లో పెట్టిన కంపెనీ అమెరికా బోర్డు తయారీదారుల్లో ఎక్కువమందికి ఫోమ్ దిమ్మెలు సరఫరా చేసే స్థాయికి ఎదిగింది. 2005 డిసెంబరు 5న ఆయన ఉన్నట్టుండి ఆ కంపెనీ మూసేశాడు. ఒక్కరోజులో సరుకు లేదు. అప్పుడు చాలామంది ఇళ్ల గోడలకు వేడి తగలకుండా వాడే థర్మాకోల్ వైపు, ఎపాక్సీ రెసిన్ వైపు మళ్లారు. ఇవాళ ఇంటి తయారీ బోర్డుల్లో చాలా భాగం ఆ దారినే పోతున్నాయంటే ఆ మూతకు అందులో పెద్ద వాటా ఉంది.

మన తీరంలోనూ ఇలాంటి మలుపు ఉంది. 2004 సునామీ తర్వాత ఫైబర్ పడవలు పెద్దసంఖ్యలో వచ్చిపడ్డాయి, కర్ర తెప్పలు వెనక్కి పోయాయి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రబ్బరు చెట్టు కర్రకు మందు పట్టించి, పైన ఫైబర్ తొడిగి లోతట్టు నీళ్లకు దోనెలు కట్టి చూపించింది. రబ్బరు కర్ర చవక, త్వరగా పుచ్చుతుంది. తొడుగు మీద పెట్టిన ఖర్చే దాన్ని నిలబెట్టింది. లోపలి సరుకు చవకదైనా ఫరవాలేదు, పైతొడుగు మంచిదైతే చాలు అన్న సూత్రానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

జనగామలో మొదలుపెడితే

ఒక బోర్డో, మంచి తెప్పో చేయాలంటే కావాల్సిన చేతిపనులన్నీ మన జిల్లా కేంద్రాల్లో ఇప్పటికే ఉన్నాయి, ఐతే ఒక్కొక్కటి ఒక్కో కొట్లో ఉంది. పెళ్లి మండపాలకు థర్మాకోల్ చిలకలు, హంసలు కోసే డెకరేషన్ కుర్రాళ్ల దగ్గర వేడి తీగ కత్తి ఉంటుంది. రెండు చెక్కల మధ్య బిగించిన నైక్రోమ్ తీగకు కరెంటు ఇస్తే వెన్నలా కోసుకుపోతుంది. సర్ఫ్‌బోర్డు వాళ్లు దిమ్మెకు రెండు పక్కలా ప్లైవుడ్ మూసలు మేకులతో కొట్టి, వాటి అంచున తీగ జార్చి, ముక్కు వైపు పైకి లేచిన వంపు కోస్తారు. పద్ధతి అదే. నీళ్ల ట్యాంకులు, బాత్రూం తలుపులు చేసే ఫైబర్ షాపులో గుడ్డ పరిచి రెసిన్ పట్టించే చెయ్యి ఉంది. కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డులో పుట్టీ పెట్టి నున్నగా రుద్దే చెయ్యి ఉంది.

ఈ మూడో షెడ్డు పనిని కాస్త దగ్గరగా చూడాలి. సొట్ట పూడ్చిన తలుపు మీద మేస్త్రి నల్ల పొడి చల్లినట్టు పలుచగా రంగు దులుపుతాడు. తర్వాత పొడవాటి చెక్కకు 120 నంబరు ఎమరీ కాగితం చుట్టి ఏటవాలుగా, ఒకసారి ఇటు ఒకసారి అటు రుద్దుతాడు. ఎత్తైన చోట నలుపు పోతుంది, గుంటలో మిగులుతుంది. మిగిలిన నల్ల మచ్చలకే మళ్లీ పుట్టీ పెడతాడు. అరచేత్తో కాగితం పట్టుకొని రుద్దితే వేళ్ల దారులు పడతాయని కొత్తగా చేరిన పిల్లవాడి చేతిని చెక్క మీదకు తెచ్చేది ఈ మేస్త్రే. తర్వాత 220, ఆపైన నీళ్ల కాగితం 400, కావాలంటే 600. సర్ఫ్‌బోర్డు తయారీదారు నల్ల పొడికి బదులు చీకటి గదిలో పక్కవాటుగా ట్యూబులైటు పెట్టుకుంటాడు. ఆ వెలుగులో చిన్న మెట్ట కూడా నీడ వేస్తుంది. ఉపాయాలు రెండు, పని ఒకటే. డెంటింగ్ మేస్త్రికి ఒక సర్ఫ్‌బోర్డు ఇచ్చి నున్నగా చేయమంటే వారం నేర్పు అవసరం రాదని నా నమ్మకం.

ఐతే ఈ మూడు కొట్లనూ కలిపేటప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంది. మన ఫైబర్ షాపుల్లో సాధారణంగా వాడేది పాలిస్టర్ రెసిన్. అందులో స్టైరీన్ ఉంటుంది, అది థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. పోసిన నిమిషాల్లో దిమ్మె గుంటలు పడి జిగురు ముద్దవుతుంది. పెట్రోలు, థిన్నరు, చాలా రకాల స్ప్రే పెయింట్లు, రబ్బరు జిగురు చేసేదీ అదే. కాబట్టి థర్మాకోల్ మీద ఎపాక్సీ రెసినే వాడాలి. అది పాలిస్టర్ కంటే రెండు మూడు రెట్లు ఖరీదు, కొలత పట్టింపూ ఎక్కువ. పాలిస్టర్‌లో గట్టిపరిచే మందు కొంచెం అటూ ఇటూ అయినా పని నడుస్తుంది. ఎపాక్సీలో రెసిన్, హార్డ్‌నర్ డబ్బా మీద రాసిన పాళ్లలోనే, త్రాసు మీదే తూచి కలపాలి. త్వరగా ఎండాలని హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిగట పోదు. పాలిస్టర్ వాడేవాళ్లకు ఇంకొక హెచ్చరిక. కోబాల్టునూ క్యాటలిస్టునూ నేరుగా ఒకదానిలో ఒకటి కలపరాదు, భగ్గుమంటుంది. ముందు ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది వేయాలి.

మన ఎండ ఇంకో చిక్కు. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ గట్టిపడే వేగం సుమారు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట చేతిలో ఉండే మిశ్రమం 35 దగ్గర పావుగంటే ఉంటుంది. డబ్బాలో కుప్పగా వదిలేస్తే తన వేడికి తానే పొగలు కక్కుతుంది. వెడల్పాటి ట్రేలో పలుచగా పోసుకొని, కొంచెం కొంచెం కలుపుకొని, తెల్లవారుజామున పని ముగించాలి. పడమటి దేశాల చేతిపుస్తకాలు చలిలో రెసిన్ గట్టిపడటం లేదని హీటర్లు పెట్టమంటాయి. ఆ పేజీలు మనం మడిచేయవచ్చు, మనకు మేలో కావలసింది నీడ.

తొడుగు లెక్క చూద్దాం. 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 1 అడుగు మందం దిమ్మె తీసుకుంటే అన్ని వైపులా కలిపి సుమారు నాలుగున్నర చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 200 గ్రాముల గాజుగుడ్డ ఒక పొర వేస్తే గుడ్డ 900 గ్రాములు. చేత్తో పట్టించేటప్పుడు గుడ్డ ఎంత బరువో రెసిన్ సుమారు అంతే పడుతుంది. పైన రంధ్రాలు పూడ్చే పూత మరో కిలో. దిమ్మె బరువు, ఘనమీటరుకు 16 కిలోల రకమైతే, 7 కిలోలు. మొత్తం పది, పదకొండు కిలోలు. అంటే ఫ్లెక్సీ చుట్టిన తెప్పకూ దీనికీ బరువులో పెద్ద తేడా లేదు, ఇదీ మోపెడ్ మీద పోతుంది.

పైపూత కోసం రెసిన్‌లో కలిపే తేలిక పొడి ఒకటి ఉంది. కంటికి పిండిలా కనిపించే బోలు గాజు గోళాలు. ఆశ్చర్యమేమంటే బొగ్గు మండించే విద్యుత్ కేంద్రాల బూడిదలో ఇలాంటి బోలు గోళాలు సహజంగానే కొద్దిపాటిగా పుడతాయి, బూడిద చెరువుల నీటి మీద తేలతాయి. పారిశ్రామికంగా వాటిని వేరుచేసి అమ్ముతారు. భూపాలపల్లి జిల్లా చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. ఆ బూడిదతో ఇటుకలు చేయడం గురించే మాట్లాడుకుంటాం. ఒక పాలిటెక్నిక్ విద్యార్థుల బృందం ఆ గోళాలతో పుట్టీ కలిపి చూస్తే మంచి ప్రాజెక్టు అవుతుంది.

ఎపాక్సీ ఖర్చు భరించలేనివాళ్లకు పేదవాడి తొడుగు అని పిలవదగ్గ పద్ధతి ఒకటుంది. పాత నూలు దుప్పటిని నీటికి తట్టుకునే రకం చెక్క జిగురుతో థర్మాకోల్ మీద అంటించి, రెండు మూడు పూతలు జిగురు పట్టించి, ఎండాక బయటి గోడలకు వాడే నీటి రంగు వేస్తారు. ఇంట్లో చిన్న పడవలు చేసుకునేవాళ్లు దీన్ని బాగానే వాడుతున్నారు. అలల్లో నిలవదు. చెరువులో, వాడాక నీడన ఆరబెడితే, ఫ్లెక్సీ కంటే చాలా మేలు.

వెడల్పు లెక్క

ఇప్పటిదాకా చెప్పింది తెప్ప ఎంతకాలం బతుకుతుందన్న మాట. తెప్ప మీది మనిషి సంగతి వేరు. తెప్ప బోల్తా పడి మత్స్యకారుడి మృతి అన్న వార్త జిల్లా పేజీల్లో కొత్త కాదు. సర్ఫ్‌బోర్డు వాళ్ల తెలివిలో మనకు అన్నిటికంటే ముందు కావలసింది ఇక్కడే ఉంది. వాళ్లు బల్లను లీటర్లలో కొలుస్తారు. 70 కిలోల మనిషి వింగ్ ఫాయిల్ నేర్చుకోవడానికి 90 నుంచి 110 లీటర్ల బల్ల తీసుకుంటాడు. ఒక లీటరు నీటిని పక్కకు తోస్తే ఒక కిలో మోస్తుంది కనుక మనిషి బరువు మీద ఇరవై నుంచి నలభై లీటర్లు మిగులు. ఆ తర్వాత వాళ్లు చూసేది వెడల్పు.

మన తెప్పను ఈ కొలతకు తెద్దాం. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగు మందం దిమ్మె 340 లీటర్లు. మనిషి 60 కిలోలు, వల, చేపలు 30, వట్టి దిమ్మె 5. మొత్తం 95 కిలోలు. తెప్ప ఎనిమిదిన్నర సెంటీమీటర్లే మునుగుతుంది. మునిగిపోయే భయం బొత్తిగా లేదు. ఐతే పక్కకు ఒరిగినప్పుడు తిరిగి నిలబడే శక్తి వేరే లెక్క. బరువు, పొడవు మారకుండా ఉంటే అది వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పడవల శాస్త్రంలో దీన్ని మెటాసెంటర్ అనే బిందువు ఎత్తుతో కొలుస్తారు. మూడడుగుల వెడల్పు తెప్పకు దాని అడుగు నుంచి ఆ బిందువు సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మనిషి కూర్చుంటే అన్ని బరువుల కేంద్రం దానికి కిందే, 47 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. నిలబడితే అదే కేంద్రం 90 దాటుతుంది. బిందువును దాటిపోయిందంటే తెప్ప తిరగబడాల్సిందే. వల లాగుతూ ఒక్క క్షణం లేచి నిలబడటమే చాలా బోల్తాలకు కారణమై ఉంటుందని ఈ లెక్క చెబుతోంది.

వెడల్పును 4 అడుగులు చేయండి. ఆ బిందువు 85 నుంచి దాదాపు 2 మీటర్లకు పోతుంది. ఒక్క అడుగు థర్మాకోల్ పెంచితే వచ్చే భద్రత ఇది. లేచి నిలబడినా తెప్ప తట్టుకుంటుంది. మందం తగ్గించినా మేలే కదా, మనిషి కిందికి దిగుతాడు కదా అనిపించవచ్చు. అరడుగు మందమే ఉంచితే ఒక పక్కకు వంగి వల లాగేటప్పుడు అంచు త్వరగా నీటిలో మునుగుతుంది, అక్కడి నుంచి నిలకడ జారిపోతుంది. నాలుగడుగుల వెడల్పు, తొమ్మిది అంగుళాల మందం నాకు సబబుగా కనిపిస్తోంది. వెడల్పు పెరిగితే మోపెడ్ మీద ఇబ్బంది. రెండు ముక్కలుగా చేసి కట్ట మీద బిగించుకునే ఏర్పాటు చేసుకోవచ్చు. కొల్లేటిలో రెండు తాటి దోనెలను జంటగా కట్టుకొని నిలకడ తెచ్చుకునే పద్ధతి ఏనాటి నుంచో ఉంది.

ఎండలో పెడితే

తొడుగు పూర్తిగా మూసేసిన బోర్డుకు ఎండ శత్రువు. 25 డిగ్రీల దగ్గర మూసిన గాలి 65 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి 13 శాతం పెరుగుతుంది. చదరపు మీటరుకు సుమారు 1.4 టన్నుల బలంతో తొడుగును లోపలి నుంచి తోస్తుంది. గుడ్డ థర్మాకోల్ నుంచి ఊడి బొబ్బలా లేస్తుంది. ఇంకాస్త వేడెక్కి 80 డిగ్రీల దరిదాపులకు పోతే థర్మాకోలే మెత్తబడుతుంది. నల్ల రంగు వేసి మే నెలలో రేకుల షెడ్డు మీద పెడితే అక్కడికి చేరడం కష్టమేమీ కాదు. అందుకే థర్మాకోల్ బోర్డులు ఎక్కువగా తెల్లగా ఉంటాయి, వాటికి ఒక మూలన గాలి పోయే మర ఉంటుంది. కొన్నిటిలో నీటిని ఆపి గాలిని వదిలే పొర బిగిస్తారు. ఇంట్లో చేసుకునేవాళ్లు మామూలు ఇత్తడి మర పెట్టుకుని నీళ్లలోకి దిగేముందు బిగించి, పైకి రాగానే వదులు చేస్తారు. మరచిపోతే నీళ్లు తాగుతుంది. రంగు ఎంపిక ఈ విషయంలో సొగసు కోసం చేసేది కానేకాదు.

మన చెరువుల్లో వింగ్ ఫాయిల్?

నా తీర్పు ముందే చెబుతాను. ఇప్పటికి వద్దు. వింగ్ ఫాయిల్‌కు గంటకు ఇరవై, పాతిక కిలోమీటర్ల స్థిరమైన గాలి కావాలి. జూన్, జూలై నైరుతి గాలులకు రిజర్వాయర్ల మీద కొన్ని రోజులు అంత గాలి వీయవచ్చు. కానీ నీటిలో 80 సెంటీమీటర్ల కడ్డీ, దాని కింద పదునైన రెక్కలు పోతాయి. మన చెరువుల్లో మునిగిన తుమ్మ మొద్దులు, గుర్రపు డెక్క, పరిచిన వలలు ఉంటాయి. ఇరవై కిలోమీటర్ల వేగంతో వలలో చిక్కుకుంటే మనిషి ఎగిరి ఆ రెక్కల మీదే పడే ప్రమాదం ఉంది. వల యజమానికి జరిగే నష్టం వేరే. బొమ్మకూరు, గండిరామారం లాంటి దేవాదుల రిజర్వాయర్లలో నీటిమట్టం ఎత్తిపోతల పంపులను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నిన్న లోతైన చోటు ఇవాళ బండ కావచ్చు. మేడిగడ్డ, కాళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం అసలే ఆటకు దిగే చోటు కాదు. విశాఖ రుషికొండ తీరం, చెన్నై దగ్గరి కోవళం, కర్ణాటకలోని ముల్కీ వేరు. అక్కడ అలలూ ఉన్నాయి, నేర్పేవాళ్లూ ఉన్నారు.

ఐనా సొంతంగా ఫాయిల్ బోర్డు చేయాలనే ఉబలాటం ఎవరికైనా ఉంటే, వాళ్లు అన్నిటికన్నా ముందు బలపరచవలసింది కడ్డీ బిగించే చోటు. దాన్ని నాలుగు మరలతో బల్ల అడుగున రెండు పట్టాల్లో బిగిస్తారు. పట్టాల మధ్య దూరం 90 మిల్లీమీటర్లు. కింద 80 సెంటీమీటర్ల లోతున రెక్క మీద పక్కవాటుగా 30 కిలోల బలం పడిందనుకుంటే, పట్టా దగ్గర అది 260 కిలోలకు పైగా గుంజుడుగా మారుతుంది. వట్టి థర్మాకోల్ అంతటి గుంజుడుకు పెళ్లలుగా ఊడి వస్తుంది. అందుకే పట్టాల చుట్టూ గట్టి పీవీసీ ఫోమ్ దిమ్మె పెట్టి, దాన్ని అడుగు తొడుగు నుంచి పై తొడుగు దాకా నిలువుగా కలిపి, అదనపు గాజుగుడ్డ పొరలతో కట్టేస్తారు. ఇంటి బోర్డులు ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే. సన్నటి అంచులు, మెరిసే రంగు తర్వాత చూసుకోవచ్చు.

సాదా తెడ్డు బల్ల మాట వేరు. నిలబడి ఒక పొడవాటి తెడ్డుతో నడిపే బల్లలు వలలు లేని కాలంలో, మత్తడి దుంకని రోజుల్లో, లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్లకు మన చెరువుల్లో బాగానే సాగుతాయి. గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువులో గట్టు వెంట అలా వెళ్లి చూస్తే కాకతీయులు నీటిని ఎంత దూరం ఆపారో తెలుస్తుంది. పర్యాటక శాఖ మోటారు బోట్ల గురించి ఆలోచించినంతగా ఈ బల్లల గురించి ఆలోచించడం లేదు. చప్పుడు లేదు, డీజిలు లేదు, ఊళ్లోనే చేసుకోవచ్చు.

చెత్త సంగతి

ముడి థర్మాకోల్‌తో పెద్ద బెడద దాని గింజలు. తాడు కోసిన చోట, ఎండకు పెళుసైన చోట గింజలు రాలి నీటి మీద తేలతాయి, గట్టున నురుగులో చేరతాయి. చేపలు వాటిని మేతనుకొని మింగే ప్రమాదం ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశాం, ఆ మరుసటి ఏడాది నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. రవ్వ, బొచ్చె, బంగారు తీగ పెంచుకునే నీటిలోనే విరిగిన తెప్పలు వదిలేస్తున్నాం. తొడుగు వేస్తే గింజలు రాలవు, ఒక్క తెప్ప చాలా సీజన్లు పనిచేస్తుంది. తొడుగు వేసినదాన్ని చివరికి పారేయాల్సి వచ్చినప్పుడు వేరుచేసి మళ్లీ వాడటం మాత్రం ముడి థర్మాకోల్ కంటే కష్టమే. గాజుగుడ్డ, ఎపాక్సీ కరగవు, కాల్చితే విషపు పొగ. సర్ఫ్‌బోర్డు ప్రపంచం కూడా దీనికి జవాబు కనుక్కోలేదు. అందుకే చెరువు తెప్పకు గాజుగుడ్డ కంటే దుప్పటి, జిగురు, నీటి రంగు పద్ధతినే ముందు ప్రయత్నించాలని నా అభిప్రాయం. అది నిలవని చోట మాత్రమే ఎపాక్సీ. ఏ పద్ధతైనా గీరేటప్పుడు ముక్కుకు మాస్కు, పొడుగు చేతుల చొక్కా, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఫైబర్ షాపుల్లో బనియన్లతో పనిచేసే కుర్రాళ్ల ఒంటి మీది దద్దుర్లు చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది, చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తారు. చనిపోయాక వచ్చే డబ్బు అది. ఈ మూడు జిల్లాల మత్స్య సహకార సంఘాల అధ్యక్షులకు నా విన్నపం ఒకటే. ఈ ఏడు చేపల అమ్మకం లెక్క తేలాక సంఘం డబ్బుతో ఒక్క తెప్ప చేయించండి. నాలుగడుగుల వెడల్పు, తెల్ల రంగు, అతుకులేని తొడుగు, దానికి కట్టిన ఒక లైఫ్ జాకెట్. మీ ఊరి డెకరేషన్ కుర్రాడు, డెంటింగ్ మేస్త్రి కలిస్తే నాలుగైదు రోజుల పని. ఒక సీజను వాడి, బరువు తూచి, పాత తెప్ప పక్కన పెట్టి చూడండి. బాగుంటే మిగతావాటికి మత్స్యశాఖను అడగండి.